చీరాల-పేరాల: పన్ను ఎవరిది, లెక్క ఎవరిది?



చీరాల-పేరాల ఉద్యమాన్ని తరగతి గదిలో అనేక సంవత్సరాలు బోధించాను. ‘ఆంగ్లేయుల పన్నులకు ఎదురు నిలిచి ప్రజలు ఊరు విడిచారు’ అని విద్యార్థులు వ్రాస్తే సంతోషంగా మార్కులు వేశాను. ఆ జవాబు తప్పు కాదు. కాని సగమే. మిగిలిన సగాన్ని నేను చెప్పలేదు గనుక ఈ టపా.

చీరాల, పేరాల నాటి గుంటూరు జిల్లాలో ఆనుకొని ఉన్న గ్రామాలు. రెండింటా కలిపి సుమారు 15,000 జనాభా. వారిలో చేనేతవారు అధికం. అక్కడ యూనియన్ ఉండేది. 1919లో మద్రాసు ప్రభుత్వం వీటిని పురపాలక సంఘంగా మార్చ నిశ్చయించింది. పారిశుద్ధ్యం మెరుగుపడుతుందని పాలకుల వాదం. పన్నులు అనేక రెట్లు పెరుగుతాయని, మగ్గం మీద బ్రదికేవారు వాటిని భరింపలేరని ప్రజల మొర. మహజర్లు వెళ్లాయి. ఫలితం శూన్యం. ప్రజలు పన్నులు నిరాకరించారు. కొందరు చెరసాలకు వెళ్లారు. వారిలో రావూరి అలమేలుమంగమ్మ అనే స్త్రీ కూడా ఉన్నది.

ఇక్కడొక విషయం గమనించాలి. 1920 డిసెంబరులో ద్వంద్వ ప్రభుత్వం ఏర్పడగానే స్థానిక స్వపరిపాలన శాఖ భారతీయ మంత్రి చేతికి వచ్చింది. ఆ మంత్రి పానగల్లు రాజా రామరాయణింగారు. ఆయన తెలుగువారే! అధికారం మనవారి చేతికి వచ్చింది, కాని చీరాల మొర మాత్రం చెవిటివాని ముందు శంఖమే అయినది. పాలకుడు మనవాడైనంత మాత్రాన జవాబుదారి కాజాలడని ఆ ఊరివారు నూరేళ్లకు పూర్వమే అనుభవంతో తెలుసుకున్నారు.

బెజవాడ కాంగ్రెసు సమావేశం ముగిసిన తరువాత, 1921 ఏప్రిల్‌లో, గాంధీజీ చీరాల వచ్చారు. ఆయన రెండు మార్గాలు చూపారు. ఒకటి, అహింసతో పన్నుల నిరాకరణ సాగించడం. రెండవది, పురపాలక సంఘపు హద్దులు దాటి వెళ్లిపోవడం. ఏ మార్గమైనా స్వశక్తిపైనే నడవాలన్నారు. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో ప్రజలు రెండవ దానిని ఎన్నుకున్నారు. జనాభాలో అత్యధికులు ఇండ్లకు తాళాలు వేసి, హద్దు వెలుపల పాకలు వేసుకొన్నారు. ఆ పాకల ఊరే రామనగరం. మండు వేసవి, ఆపై వానలు. రామదండు సేవకులు వారికి అండగా నిలిచారు. తగవులు తీర్చుకొనుటకు తమ పంచాయతీని తామే ఏర్పరచుకొన్నారు.

ఇక్కడ నా మనస్సు ఆగిపోతుంది. స్వపరిపాలన వద్దని వారు ఊరు విడువలేదు. తమను అడగకుండా నెత్తిన పెట్టిన ‘స్వపరిపాలన’ను కాదన్నారు, ఎండలో, పాకలలో తమదైన దానిని నడిపి చూపారు.

ప్రసంగించరాదన్న ఉత్తర్వును బరంపురంలో ధిక్కరించినందుకు గోపాలకృష్ణయ్య గారికి ఏడాది శిక్ష పడింది. నాయకుడు చెరలో, చేతిలో ధనం లేదు. సుమారు పదకొండు మాసాల పిదప ప్రజలు తమ ఇండ్లకు మరలి వచ్చారు. పురపాలక సంఘం మాత్రం నిలిచింది. కనుక ఓడిపోయారందామా? అలా అనడానికి నాకు నోరు రాదు.

రాజ్యాంగపు 74వ సవరణ 1993 జూన్ 1 నుండి అమలులోకి వచ్చింది. పట్టణ పాలక మండళ్లకు రాజ్యాంగబద్ధమైన స్థానం లభించింది. కాని అందులోని 243-ఎస్ అధికరణం వార్డు కమిటీలను తప్పనిసరి చేసినది మూడు లక్షలు, ఆపైన జనాభా గల పట్టణాలకే. 2011 జనగణనలో చీరాల మునిసిపాలిటీ జనాభా లక్షకు లోపే. చిన్న ఊరికి అడిగే హక్కు చిన్నదా? 2005 నాటి సమాచార హక్కు చట్టం ఆ లోటును కొంత తీర్చింది. అడగకముందే బడ్జెటు వివరాలు వెల్లడించడం కార్యాలయాల విధి అని దాని 4వ సెక్షను చెబుతున్నది.

ఇంత పాఠం చెప్పిన నేను ఏటేటా ఇంటిపన్ను కట్టి రసీదు జాగ్రత్తగా దాచుకొన్నానే గాని, ఆ సొమ్ము ఏ కాలువకు, ఏ దీపానికి పోయినదని ఒక్కనాడూ అడుగలేదు. వారు లెక్క కోసం ఇల్లు విడిచారు. నేను వీధి మలుపులోని కార్యాలయం గడప తొక్కలేదు.

ఈ వారం ఒక అర్జీ వ్రాస్తున్నాను. మీరూ మీ ఊరిలో వ్రాయండి.