సీబీ రేడియోల్లో శక్తి, వేడి

సిటిజన్స్ బ్యాండ్ రేడియో, వాడుకలో సీబీ, 27 మెగాహెర్ట్జ్ దగ్గర సామాన్యులు మాట్లాడుకోవడానికి కేటాయించిన తక్కువ శక్తి రేడియో సేవ. ఈ సెట్లలో ప్రసార శక్తి పెంచినకొద్దీ ఎంత వేడి పుడుతుంది, అందుకు బదులుగా ఎంత దూరం దక్కుతుంది అన్నవి విడదీయలేని రెండు లెక్కలు. ఇక్కడ ఆ లెక్కలు భీమవరం పరిసరాలకు వేసినవి. సముద్రమట్టానికి పది మీటర్ల ఎత్తు కూడా లేని బల్లపరుపు నేల, మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండ, నర్సాపురం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి ఈ ఊరికి ఉన్నాయి. నిజానికి సీబీ ఇక్కడ పాతుకోలేదు. చేపలూ రొయ్యలూ ఐసులో వేసుకుని బయల్దేరే లారీ డ్రైవరుకు సెల్‌ఫోనే ఆధారం. డెల్టాలో వైర్‌లెస్ అంటే పోలీసు సెట్లు, వేటపడవల మీది వీహెచ్‌ఎఫ్ సెట్లు గుర్తొస్తాయి.

బ్యాండు, చట్టం

అమెరికాలో 27 మెగాహెర్ట్జ్ సీబీ 1958లో 23 చానళ్లతో మొదలైంది. 1973 చమురు సంక్షోభం తర్వాత లారీ డ్రైవర్లు దాన్ని ఇంటింటి మాటగా మార్చారు. 1977 జనవరి 1 నుంచి చానళ్లు 40 అయ్యాయి. అక్కడి పరిమితి ఏఎంలో 4 వాట్ల క్యారియర్ (మాటను మోసే మూల తరంగం), క్యారియర్ లేకుండా ఒక పక్క పట్టీనే పంపే ఎస్సెస్‌బీలో 12 వాట్ల గరిష్ఠ శక్తి. భారతదేశంలో 2005 నుంచి 26.957–27.283 మెగాహెర్ట్జ్ మధ్య 5 వాట్ల వరకు లైసెన్సు అక్కర్లేదు. అమెరికా చానళ్లలో మొదటి 27 మాత్రమే ఈ హద్దుల్లో ఇముడుతాయి.

ఈ హద్దులు ఊరికే గీసినవి కావు. 27.12 మెగాహెర్ట్జ్ కేంద్రంగా పరిశ్రమలకు, వైద్యానికి అంతర్జాతీయంగా కేటాయించిన ముక్క ఇదే. ఫిజియోథెరపీ గదిలో నడుముకు కాపడం పెట్టే షార్ట్‌వేవ్ డయాథెర్మీ యంత్రం, ప్లాస్టిక్ షీట్లను అతికించే యంత్రం పనిచేసేది ఈ పౌనఃపున్యం మీదే. వేడి పుట్టించడానికి ఇచ్చిన చోటులో మాటలకూ కాస్త జాగా దొరికిందన్నమాట.

ఎక్కువ శక్తి సెట్లు చాలావరకు 28 మెగాహెర్ట్జ్ హ్యామ్ రేడియోల పేరుతో అమ్ముడై, చిన్న మార్పుతో 27కు దిగే రకం. 1978లో అమెరికా ఈ పౌనఃపున్యాల పరిసరాల్లో పనిచేసే యాంప్లిఫయర్ల అమ్మకాన్ని కట్టడి చేసినా ఆ మోజు పోలేదు. మన దేశంలో సీబీ మీద 5 వాట్లు దాటితే చట్ట ఉల్లంఘనే. ఎక్కువ శక్తి కావాలంటే పరీక్ష రాసి హ్యామ్ లైసెన్సు తెచ్చుకోవాలి. హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అందుకు శిక్షణ ఇచ్చే సంస్థల్లో పేరున్నది.

వేడి ఎక్కడ పుడుతుంది

బ్యాటరీ నుంచి తీసుకున్న శక్తి అంతా యాంటెన్నాకు చేరదు. చివరి దశ ట్రాన్సిస్టర్ సగానికి కాస్త ఎక్కువను రేడియో తరంగంగా మారుస్తుంది, మిగిలింది వేడి. 60 శాతం సామర్థ్యంతో 4 వాట్లు పంపే సెట్లో ఆ దశ తీసుకునేది 7 వాట్ల లోపు, వృథా 3 వాట్ల లోపు. అంతమాత్రం వేడిని రేకు డబ్బాయే చల్లార్చుకుంటుంది. అదే 55 శాతంతో 100 వాట్లు పంపే సెట్టు 182 వాట్లు లాగి 82 వాట్లను లోపలే ఉంచుకుంటుంది. మూడు పాతిక వాట్ల సోల్డరింగ్ ఐరన్లను కారు డాష్‌బోర్డు కింద ఒకే పెట్టెలో పెట్టినట్టు ఉంటుంది.

ఆ 82 వాట్లను వాటుకు అర డిగ్రీ చొప్పున వేడెక్కే హీట్‌సింక్‌కు అప్పగించామనుకుందాం. ఆగకుండా ప్రసారం చేస్తే అది బయటి గాలికంటే 41 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. భారాన్ని నాలుగు ట్రాన్సిస్టర్లు పంచుకుంటే ఒక్కోదాని లోపల మరో 40 డిగ్రీలు పెరుగుతుంది. సంక్రాంతి రోజుల్లో 25 డిగ్రీల గాలిలో సిలికాన్ 106 దగ్గర ఆగుతుంది. రోహిణి కార్తెలో 45 దగ్గర 126కు, అద్దాలు బిగించి ఎండలో నిలిపిన కారులో 60 దగ్గర 141కి చేరుతుంది. చాలా రకాల ట్రాన్సిస్టర్లకు 150 దాటితే గండమే. చలికాలంలో నిక్షేపంగా పనిచేసిన సెట్టు మేలో కాలిపోవడానికి కారణం ఈ తేడాయే. అంతదాకా రాకముందే ఇంకో నష్టం మొదలవుతుంది: పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షు ఇంచుమించు సగమవుతుంది.

బైపోలార్ ట్రాన్సిస్టర్లకు మరో బలహీనత ఉంది. వేడెక్కితే ఎక్కువ కరెంటు లాగుతాయి, ఎక్కువ లాగితే ఇంకా వేడెక్కుతాయి. ఈ పరుగును ఆపడానికి బయస్‌ను అదుపు చేసే డయోడ్‌ను హీట్‌సింక్‌కే ఆనించి బిగిస్తారు. ట్రాన్సిస్టర్ మార్చిన మెకానిక్ అభ్రకం పలకకు థెర్మల్ పేస్టు రాయడం మరిచినా, ఆ డయోడ్‌ను గాలిలో వదిలేసినా మరమ్మతు ఎన్నాళ్లో నిలవదు.

మాట్లాడే పద్ధతిని బట్టి కూడా వేడి మారుతుంది. ఏఎంలో మాట లేకపోయినా క్యారియర్ నడుస్తూనే ఉంటుంది. 25 వాట్ల క్యారియర్‌కు నిండుగా మాట ఎక్కించాలంటే శిఖరాల దగ్గర 100 వాట్లు అందుకోగలగాలి. ఎస్సెస్‌బీలో నోరు మెదిపినప్పుడే శక్తి ఖర్చవుతుంది కనుక అదే హీట్‌సింక్ ఎక్కువ గరిష్ఠ శక్తిని మోస్తుంది. ఎఫ్‌ఎం అన్నిటికంటే కఠినం, బటన్ నొక్కినంతసేపూ పూర్తి శక్తే. భీమవరంలో 90.4 మెగాహెర్ట్జ్ మీద వినిపించే రేడియో విష్ణు వంటి కమ్యూనిటీ రేడియో ప్రసారిణి గంటల తరబడి అలాగే పనిచేయాలి. అందుకే దాని వాట్లను నిరంతర ప్రసారానికి లెక్కగట్టి చెబుతారు. సీబీ పెట్టెల మీద పెద్ద అక్షరాలతో వేసే వాట్లు తరచుగా క్షణకాలపు శిఖరాలు.

దక్కే దూరం

4 వాట్లు 100 అయితే లాభం 14 డెసిబెళ్లు. అవతలి సెట్టు మీటరులో ఒక్కో గీతకు 6 డెసిబెళ్లు కావాలి కాబట్టి అక్కడ ముల్లు రెండు గీతలకు కాస్త పైగా జరుగుతుంది. పాతిక రెట్ల శక్తికి ప్రతిఫలం అంతే. నేలను అంటిపెట్టుకుని సాగే తరంగం దూరంతో పాటు చాలా వేగంగా క్షీణిస్తుంది. దూరం రెట్టింపు కావాలంటే శక్తి పదహారు రెట్లు కావాలన్నది స్థూలమైన లెక్క.

ఎత్తు దగ్గర డెల్టాకు కలిసొస్తుంది. భీమవరం నుంచి నర్సాపురం నేరుగా కొలిస్తే ఇంచుమించు 22 కిలోమీటర్లు. పది మీటర్ల స్తంభం మీది యాంటెన్నాకు రేడియో దిగంతం 13 కిలోమీటర్లు. రెండు ఊళ్లలోనూ అలాంటి స్తంభాలు నిలబెడితే 26 కిలోమీటర్లు వస్తుంది, దారిలో అడ్డుపడే కొండ ఒక్కటీ లేదు. తడి వరిచేలు, ఉప్పు కలిసిన చెరువులు నిలువు యాంటెన్నా తరంగానికి మంచి వాహకాలు. స్తంభం వినికిడినీ పెంచుతుంది, యాంప్లిఫయర్‌కు ఆ గుణం లేదు. యాంప్లిఫయర్ కొనే డబ్బుతో ఇనప గొట్టం నిలబెట్టుకున్నవాడే తెలివైనవాడు.

ఉప్పుగాలి మాత్రం శత్రువు. కోయాక్సియల్ కేబుల్ కనెక్టర్‌లోకి తేమ దిగి రాగి అల్లిక పచ్చబడితే యాంటెన్నా సెట్టుకు సరిపడదు. ఈ పొంతన లోపాన్ని కొలిచే ఎస్‌డబ్ల్యూఆర్ రెండు దగ్గర 11 శాతం, మూడు దగ్గర 25 శాతం శక్తి వెనక్కి తిరుగుతుంది. తప్పు భారం మీద పడ్డ ట్రాన్సిస్టర్ మామూలుకంటే వేడెక్కుతుంది. 4 వాట్ల సెట్టు దాన్ని సహిస్తుంది, 100 వాట్ల సెట్టుకు అదే ప్రాణాంతకం కావచ్చు. కనెక్టర్‌ను ముందుగానే టేపుతో చుట్టి మూసేయడం మేలు.

బ్యాటరీ

1996 నవంబరు 6న కాకినాడకు దిగువన తీరం దాటిన తుఫాను కోనసీమలో కొబ్బరిచెట్లతో పాటు కరెంటు స్తంభాలనూ కూల్చింది. అలాంటి రోజుల్లో వేడితో పాటు ఆంపియర్లూ లెక్కకొస్తాయి. 40 ఆంపియర్ అవర్ల కారు బ్యాటరీలో సగమే వాడామనుకుంటే, 2 ఆంపియర్లు లాగే 4 వాట్ల సెట్టుతో పది గంటల ప్రసారం చేయవచ్చు. 15 ఆంపియర్లు లాగే 100 వాట్ల సెట్టుకు అదే బ్యాటరీ గంటా ఇరవై నిమిషాలు వస్తుంది. వైరు సన్నదైతే అంతకూడా రాదు, వోల్టేజి పడిపోయి మాట చీలుతుంది.