అల్లరి చేసే హక్కు

ఎవరితో కలిసి నవ్వాలో, ఎవర్ని చూసి నవ్వాలో పిల్లలు పాఠ్యపుస్తకాల కంటే ముందు బొమ్మల్లోనే నేర్చుకుంటారు. అస్తిత్వం గురించి మాట్లాడేటప్పుడు మనం కవిత్వాన్ని తవ్వుతాం, కథల్ని తవ్వుతాం, చరిత్ర పుస్తకాల్లోని అబద్ధాల్ని బయటికి లాగుతాం. పిల్లల నవ్వుల పత్రికల జోలికి మాత్రం పోం. అదంతా పిల్లల సరదా అని వదిలేస్తాం. మన ఉపఖండాన్ని ఏలిన బ్రిటన్ తన పిల్లల్ని ఏ బొమ్మలతో నవ్వించిందో ఒకసారి చూడాలి. ఎందుకంటే ఆ బొమ్మల్లో మనమూ ఉన్నాం. ఉండాల్సిన చోట లేకుండానూ ఉన్నాం.

ఈ పత్రికలు మొదట పిల్లల కోసం పుట్టలేదు. 1870 విద్యా చట్టం తర్వాత బ్రిటన్‌లో చదవను నేర్చిన పేదజనం పెరిగారు. వాళ్ల చేతికి 1884లో 'అల్లీ స్లోపర్స్ హాఫ్ హాలిడే' వచ్చింది. అద్దె అడగడానికి వచ్చినవాణ్ణి చూడగానే సందులోకి జారుకునే ముసలి తాగుబోతు అందులో నాయకుడు. 1890లో హార్మ్స్‌వర్త్ అర పెన్నీకే 'కామిక్ కట్స్' అమ్మాడు. 1896లో టామ్ బ్రౌన్ అనే చిత్రకారుడు ఇద్దరు దేశదిమ్మరుల బొమ్మలు మొదలుపెట్టాడు. గీత మీద గీత గీసి నింపే పాత పద్ధతిని వదిలేసి తేటగా, దిట్టంగా గీశాడు. చవక కాగితం మీద కూడా ఆ బొమ్మ చెదరలేదు. చదువు అంతంతమాత్రంగా వచ్చినవాడికి కూడా అర్థమైంది. చిన్నపిల్లలకీ అర్థమైంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఈ పత్రికలు చాలావరకు పిల్లల చేతుల్లోకి వెళ్లిపోయాయి. పాఠకుడు మారాడు. నవ్వు మాత్రం కిందివాడి వైపే నిలబడింది.

అయితే ఆ 'కిందివాడు' ఎవడు? తెల్లవాడే.

1908లో మొదలైన 'ది మాగ్నెట్' బొమ్మల పత్రిక కాదు, బడిపిల్లల కథల పత్రిక. కాని అందులోని బిల్లీ బంటర్ అనే తిండిపోతు కుర్రాడు 1939లో 'నాకౌట్' బొమ్మల పత్రికకు ఎక్కాడు. బంటర్ చదివే బడిలో ఒక ఇండియన్ కుర్రాడు ఉంటాడు. పేరు హరీ జమ్సెట్ రామ్ సింగ్, భానిపూర్ నవాబు. ఆ పేరును విప్పి చూద్దాం. హరి, రామ్ హిందువులు. జమ్సెట్ పార్సీ. సింగ్ సిక్కో, రాజపుత్రుడో. నవాబు మన బిరుదు. ఇన్ని మతాల మనుషుల్ని ఒకే సంచిలో వేసి మూతి కట్టేస్తే ఆ పత్రికకు ఒక 'ఇండియన్' తయారయ్యాడు. అతను చెడ్డవాడు కాదు. నాయకుల జట్టులోనే ఉంటాడు, క్రికెట్ బాగా ఆడతాడు. కాని నోరు తెరిస్తే నవ్వాలి. ప్రతి మాటకూ అక్కర్లేని తోకలు తగిలించే ఇంగ్లీషు అతని చేత మాట్లాడించారు. మన సినిమాల్లో సాయిబు పాత్ర నోట పలికించే తెలుగు విన్నవాళ్లకు ఈ కిటుకు కొత్తేం కాదు. 1940లో జార్జ్ ఆర్వెల్ ఈ పత్రికల్ని విమర్శిస్తూ వ్యాసం రాశాడు. దానికి జవాబిస్తూ ఆ కథల రచయిత, పరాయి దేశస్తులు నవ్వు పుట్టించేవాళ్లేనని కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు. పాపం, దాచుకోలేదు.

బొమ్మల పత్రికల అసలు రాజ్యం స్కాట్లండ్‌లోని డండీ పట్నంలో మొదలైంది. డి.సి. థామ్సన్ కంపెనీ 1937 డిసెంబర్‌లో 'డాండీ'ని, 1938 జూలైలో 'బీనో'ని తెచ్చింది. బీనో తొలి సంచికల తలకట్టు మీదే పుచ్చకాయ ముక్క తింటున్న నల్లపిల్లవాడి వికారపు బొమ్మ ఉండేది. లావు పెదాలు, గుడ్లగూబ కళ్లు. అమెరికా బానిసత్వం తయారుచేసిన అచ్చును అట్లాగే తెచ్చి గుద్దారు. 1940లు దాటకముందే అది మాయమైంది. యుద్ధకాలంలో హిట్లర్‌నీ ముస్సోలినీనీ వెక్కిరించే బొమ్మలు వచ్చాయి. నియంతను వెక్కిరించడం బాగానే ఉంది. కాని ముస్సోలినీ బొమ్మకు పెట్టిన పేరులోనే ఇటలీ జనం మొత్తాన్ని తిట్టే మాట ఉంది. నియంత మీద విసిరిన రాయి వలసవచ్చిన కూలివాడి నెత్తిన కూడా పడింది.

ఈ తొలికాలపు బొమ్మల్లో పెద్ద చెయ్యి డడ్లీ వాట్కిన్స్‌ది. శుభ్రమైన గీత, ఎక్కడి వస్తువు అక్కడ సర్దినట్టుండే బొమ్మ. 1950 నాటికి బీనో వారానికి 20 లక్షల ప్రతులకు దగ్గరగా అమ్ముడుపోయింది. ఆ శుభ్రతను పగలగొట్టింది తరవాతి చిత్రకారులు. 1951లో డేవిడ్ లా 'డెనిస్ ది మెనేస్'ను గరుకు గీతలతో గీశాడు. నల్లని జుట్టు, గీతల చొక్కా, కుదురు లేని కాళ్లు. 1953లో లియో బాక్సెండేల్ 'మినీ ది మింక్స్'ను, 1954లో 'బాష్ స్ట్రీట్ కిడ్స్'గా తరవాత పేరుపడ్డ బడిపిల్లల గుంపును తెచ్చాడు. బాక్సెండేల్ బొమ్మ కిక్కిరిసిన సంతలా ఉంటుంది. ముందు ఒక గొడవ, వెనక నాలుగు, మూలన ఇంకో రెండు. యుద్ధంలో పెరిగి, ఇరుకు వాడల్లో బతికే కార్మికుల పిల్లలకు అందులో తమ వీధి కనిపించింది. ఉపాధ్యాయుడు, పోలీసు, తండ్రి - బెత్తం పట్టిన ప్రతివాడూ ఆ పిల్లల చేతిలో వెర్రివాడయ్యేవాడు. చివరి గడిలో పిల్లవాడికి చెప్పుదెబ్బలు పడేవి. అయినా వచ్చేవారం మళ్లీ అల్లరే.

తమాషా ఏమిటంటే ఈ తిరుగుబాటును అచ్చేసిన కంపెనీ, 1926 సార్వత్రిక సమ్మె తర్వాత యూనియన్ మనుషులకు పని ఇవ్వనని కూర్చున్న కంపెనీ. చిత్రకారుల పేర్లు కూడా వేసేది కాదు. వాట్కిన్స్‌కు సంతకం పెట్టే అవకాశం దక్కింది 1946లో. బాక్సెండేల్ 1962లో బయటికొచ్చేశాడు. తన పాత్రల మీద హక్కుల కోసం ఏళ్ల తరబడి కోర్టులో పోరాడితే 1987లో రాజీ కుదిరింది.

అదే బాక్సెండేల్ 1953లో 'లిటిల్ ప్లమ్' కూడా గీశాడు. అమెరికా ఆదివాసీ పిల్లవాడి బొమ్మ అది. పేరు కింద 'రెడ్‌స్కిన్' అన్న మాట తగిలించారు. వర్గం దగ్గర అంత సూటిగా చూసిన కన్ను జాతి దగ్గరికొచ్చేసరికి మసకబారింది. ఈ మాట మనం ఇక్కడి మిత్రులతోనూ చాలాసార్లు అనాల్సి వచ్చింది.

ఈలోగా బ్రిటన్ వీధులు మారాయి. 1948 తర్వాత కరీబియన్ దీవుల నుంచి, 50లు, 60లలో పంజాబ్, మీర్‌పూర్, సిల్హెట్‌ల నుంచి మనుషులొచ్చారు. బ్రాడ్‌ఫర్డ్ బట్టల మిల్లుల్లో రాత్రి షిఫ్టులు చేశారు. వాళ్ల పిల్లలు అక్కడి బళ్లలో కూర్చున్నారు. అణా పైసలు కూడబెట్టుకున్నట్టు పెన్నీలు కూడబెట్టుకుని అవే పత్రికలు కొనుక్కున్నవాళ్లూ వాళ్లలో ఉన్నారు. కాని బాష్ స్ట్రీట్ తరగతిలో దశాబ్దాల తరబడి అందరూ తెల్లపిల్లలే. వాళ్లలో ఒకే ఒక్క అమ్మాయి, టూట్స్. పాఠకులు మారిపోయారు. హాజరుపట్టీ మారలేదు. వెక్కిరించే బొమ్మ ఎంత చేస్తుందో, అసలు కనిపించకపోవడం కూడా అంతే చేస్తుంది. తను నవ్వే ప్రపంచంలో తనకు బెంచీ లేదని ఆ పిల్లకు ఎవరూ చెప్పరు. తనే తెలుసుకుంటుంది.

తరవాతి కథ త్వరగా చెప్పుకోవచ్చు. టీవీ వచ్చింది, వీడియో ఆటలు వచ్చాయి. ఒక పత్రికను ఇంకో పత్రికలో కలుపుతూ కంపెనీలు నెట్టుకొచ్చాయి. 1987 నుంచి ప్రభుత్వ బళ్లలో బెత్తం చెల్లలేదు. డెనిస్ వీపు మీద చెప్పుదెబ్బలూ ఆగిపోయాయి. 1993లో బీనో పూర్తిగా రంగుల్లోకి మారింది. 'బస్టర్' 2000లో, 'డాండీ' అచ్చు సంచిక 2012లో మూతపడ్డాయి. గీత కూడా కంప్యూటర్ మీద నున్నబడింది. పెద్ద కళ్లు, చదునైన రంగులు, టీవీ కార్టూన్ల పోలిక.

2021లో బాష్ స్ట్రీట్ తరగతికి కొత్త పిల్లలొచ్చారు. హర్ష, ఖదీజా, మాహిరా. 'ఫ్యాటీ'ని ఫ్రెడ్డీ అని, 'స్పాటీ'ని స్కాటీ అని పిలవడం కూడా ఆ ఏడాదే మొదలైంది. నవ్వుల్ని చంపేస్తున్నారని కొందరు గగ్గోలు పెట్టారు. మనకు మాత్రం ఖదీజా పేరు ఆ హాజరుపట్టీలో చూడటం సంతోషమే. తరగతి మొదలైన 67 ఏళ్లకు వచ్చిన పేరు అది.

కాని అడగాల్సిన ప్రశ్న ఒకటి మిగిలే ఉంది. డెనిస్‌కు దక్కింది కేవలం చోటు కాదు. ఎంత అల్లరి చేసినా మనవాడే అనిపించుకునే భరోసా దక్కింది. వాడు గోడ పగలగొడితే చిలిపితనం, మాస్టారి కుర్చీ కింద టపాసు పేలిస్తే తెలివి. ఇవాళ ఆ బ్రిటన్‌లోనే ఒక ముస్లిం కుర్రాడు టపాసు మాట ఎత్తితే ఏమవుతుంది? 2015 చట్టం తీవ్రవాదం వైపు మళ్లకుండా పిల్లల్ని కనిపెట్టే బాధ్యతను బళ్ల మీద పెట్టింది. చిలిపివాడి వెంట పడాల్సిన మాస్టారు అనుమానితుడి వెంట పడాల్సి వచ్చింది. ఇది బళ్లలో వద్దని 2016లో అక్కడి ఉపాధ్యాయుల జాతీయ సంఘమే తీర్మానించింది.

మైనారిటీ పిల్లల్ని బొమ్మల్లో పెట్టినప్పుడు చాలామంది వాళ్లను బుద్ధిమంతులుగానే పెడతారు. వచ్చిన చుట్టాల్లా ఒద్దికగా కూర్చోబెడతారు. మర్యాదే అది, కాదనం. కాని చుట్టం గిన్నె బోర్లించడు. గిన్నె బోర్లించి నవ్వగలిగేది ఇంటి పిల్ల ఒక్కతే. ఖదీజా ఆ తరగతిలో ఎప్పుడు పూర్తిగా చేరినట్టు? ఆమె సిరా బుడ్డి ఒలకబోస్తే, చదివే పిల్లలందరూ ఆమె ఏ మతస్తురాలో తలచుకోకుండా పకపకా నవ్విన రోజున. అంతవరకూ మన పిల్లలకు కావలసింది జాలి కాదు, సత్ప్రవర్తన సర్టిఫికెట్టూ కాదు. అల్లరి చేసే హక్కు.