సి భాషకు వ్యాకరణము

భాష వ్యవహారమున పుట్టి, పిదప వ్యాకరణమును పొందునని మనమెరుగుదుము. కంప్యూటర్లకు ఆజ్ఞలిచ్చుటకై కల్పించిన భాషలకును ఈ మాట చెల్లును. సి భాష చరిత్రయే ఇందుకు నిదర్శనము.

అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున డెన్నిస్ రిచీ ఈ భాషను రూపొందించెను. కంప్యూటరు పనులన్నిటిని నడపు మూల ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టం అందురు. 1973లో యూనిక్స్ అను అట్టి సిస్టం సి భాషలో తిరిగి వ్రాయబడెను. దానితో ఒక యంత్రమునకై వ్రాసినది మరియొక యంత్రమునకు మార్చుట సులభమయ్యెను. 1978లో కెర్నిగన్, రిచీలు ప్రకటించిన గ్రంథమే కొంతకాలము ప్రమాణముగా నుండెను. వాడుక పెరిగి భేదములు తలయెత్తగా, 1989లో అమెరికా ప్రమాణసంస్థ నియమములను స్థిరపరచెను. 1999, 2011 సంవత్సరములలో నూతన ప్రమాణములు వెలువడినవి.

1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ చిరకాలము 1989 నాటి ప్రమాణమునే అనుసరించెను. వేలమంది చేతులు పడు రచన గనుక వ్రాతతీరునకును కట్టుబాట్లు ఏర్పడినవి. లోపలి పంక్తులను 8 అక్షరముల మేర జరిపి వ్రాయవలెను. పంక్తి 80 అక్షరములు దాటరాదు. 2020లో తనిఖీ సాధనమున ఈ హద్దు 100కు సడలింపబడెను.

అయితే పాత ప్రమాణమున ఒక చిక్కు కలదు. జాబితాలోని అంశములను వరుసగా చూచుటకు నియోగించిన చలరాశి, పని ముగిసినను నిలిచియుండును. కడవరకు పోయిన పిదప అది చూపునది నిజమైన అంశము కాదు. పొరబాటున దానిని వాడినచో సంబంధములేని సమాచారము చెడవచ్చును. పెండ్లి అయిన పిమ్మట పెరుకక విడిచిన పందిరిగుంజ చీకటిలో కాలికి తగులుట వంటిదే ఇది.

చలరాశిని ఆ పనిలోనే పుట్టించి, దానితోనే ముగించు సౌకర్యము 1999 ప్రమాణముననే కలదు. పాత కంపైలర్ల ఇబ్బందులు తొలగినందున, 2022 మే నెలలో వెలువడిన 5.18వ కూర్పుతో లినక్స్ 2011 ప్రమాణమునకు మారెను. ఇంతమాత్రమున పాత తప్పులన్నియు తొలగవు. వానిని ఒక్కొక్కటిగా దిద్దవలసినదే. కాని క్రొత్త తప్పునకు త్రోవ మూయుట సాధ్యమయ్యెను.

ఆండ్రాయిడ్ ఫోనులకు ఆధారము లినక్సే గనుక ఇది మనకు దూరపు వార్త కాదు. నియమమును నిలుపుట ఎంత అవసరమో, కాలమెరిగి దానిని మార్చుటయు అంతే అవసరమని ఈ చరిత్ర మనకు తెలుపుచున్నది.