నూనె మోసే బలం: బుల్‌డోజర్ లోపలి ఊట, దాని వైద్యం

బుల్‌డోజర్ అనగానే మనకు ముందు గోచరించేది దాని ముందరి ఉక్కు పలక, ఇరుప్రక్కల తిరిగే ఇనుప చైనులు. కాని నేటి బుల్‌డోజర్లలో చాలవాటి యందు ఇంజనుకు, చైనుకు నడుమ బలం మోసేది ఇనుము కాదు, నూనె. పళ్లచక్రాల వరుస ఉండవలసిన చోట ఒక పంపు, రెండు గొట్టాలు, ఒక మోటారు ఉంటాయి. దీనిని హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్ అంటారు. తెలుగులో శక్తిప్రసారమని చెప్పవచ్చును గాని, ప్రసారమంటే మా ఆకాశవాణి పని అని శ్రోతలు పొరబడే ప్రమాదం ఉన్నది గనుక ఆ మాటను విడిచిపెడుతున్నాను.

ఈ యంత్రాంగం చరిత్రను ఒక దృష్టితో చూస్తే అది ఊటతో మనిషి చేసిన పోరాటమే. మూసిన పాత్రలోని ద్రవాన్ని ఒకచోట అదిమితే ఆ ఒత్తిడి తగ్గకుండా అన్ని దిక్కులకు ప్రాకుతుందని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్ గ్రహించినాడు. ద్రవాలపై ఆయన వ్రాసిన గ్రంథం ఆయన మరణానంతరం 1663లో వెలువడినది. సూత్రం తెలిసినా నూరేళ్లకు పైగా దానిని పనిలో పెట్టిన వారు లేరనే చెప్పాలి. ఎక్కడ అదిమితే అక్కడే ద్రవం సందు చూసుకొని బయటకు దూకేది.

1795లో లండనులో జోసెఫ్ బ్రామా అనే తాళాల పనివాడు నీటి ఒత్తిడితో నడిచే ప్రెస్సుకు పేటెంటు పొందినాడు. చిన్న పిస్టనుపై కొద్ది బలం, పెద్ద పిస్టనుపై మహాబలం. అయినా పెద్ద పిస్టను చుట్టూ నీరు చిమ్మేది. బిగించి ఆపితే పిస్టను కదిలేది కాదు, వదులు చేస్తే ఒత్తిడి నిలిచేది కాదు. ఈ చిక్కును విడదీసిన కీర్తి బ్రామా కార్ఖానాలో పనిచేసిన హెన్రీ మాడ్‌స్లేకు దక్కినది. ఆయన తోలుతో ఒక గిన్నె వంటి పట్టీ చేయించినాడు. నీటి ఒత్తిడే ఆ తోలు అంచును విప్పి పిస్టనుకు అదుముతుంది, అనగా ఒత్తిడి పెరిగినకొద్దీ పట్టు కూడా బిగుస్తుంది. శత్రువు బలంతోనే శత్రువును కట్టివేయడమన్నమాట. ఇప్పటి రబ్బరు సీళ్లలో అనేకం ఆ తోలు గిన్నె సంతానమే.

ఆ పైన న్యూకాసిల్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ 1846లో నీటిబలంతో ఓడరేవు క్రేను నడిపించినాడు. 1883లో ఏర్పడిన ఒక కంపెనీ లండను వీధుల క్రింద గొట్టాలు వేసి, నేడు కరెంటు అమ్మినట్లు నీటి ఒత్తిడిని అమ్మినది. ఆ వ్యాపారం 1977 దాకా సాగినదంటే ఆశ్చర్యం కలుగుతుంది. 1894లో తెరచిన టవర్ బ్రిడ్జి కూడ నీటిబలంతోనే లేచేది. 1976లో నూనె, విద్యుత్తు దాని స్థానాన్ని ఆక్రమించినవి. నీరు ఇనుమును తుప్పు పట్టిస్తుంది, చలికాలంలో గడ్డకడుతుంది. అన్నిటికంటె ముఖ్యం, రాసుకొనే లోహాలకు అది మెత్తదనం ఇవ్వదు.

అసలు మలుపు ఒక యుద్ధనౌకపై జరిగినది. 1906లో అమెరికా నౌక వర్జీనియా ఫిరంగులను త్రిప్పడానికి, ఎత్తడానికి నూనెతో నడిచే పంపు, మోటారు జతను అమర్చినారు. విలియమ్స్, జానీ అనే ఇద్దరు ఇంజినీర్లు దీని కర్తలు. రివాల్వరులో గుళ్లు ఉన్నట్లు ఒక గుండ్రని దిమ్మలో చుట్టూ పిస్టన్లు ఉంటాయి. వాటి కొసలు ఒక వాలు పలకపై జారుతూ తిరుగుతాయి. పలక వాలు ఎక్కువైతే పిస్టన్ల రాకపోకలు పెరిగి నూనె ఎక్కువగా పారుతుంది. వాలు తీసివేసి నిలువుగా నిలిపితే దిమ్మ తిరుగుతూనే ఉంటుంది గాని చుక్క నూనె కదలదు. పలకను ఎదురు ప్రక్కకు వంచితే నూనె వెనుకకు పారుతుంది. గేరు లేదు, క్లచ్చి లేదు. ముందుకు, వెనుకకు, వేగంగా, మెల్లగా, అన్నిటికీ ఒక్క పలక వాలే ఆధారం.

అదే కాలంలో, 1904లో, కాలిఫోర్నియాలో చక్రాలు దిగబడే మెత్తని నేలపై నడవడానికి బెంజమిన్ హోల్ట్ చైనుల ట్రాక్టరు తయారుచేసినాడు. 1923లో కాన్సాస్ రాష్ట్రంలో కమ్మింగ్స్ అనే రైతు, మెక్లియాడ్ అనే డ్రాయింగు పనివాడు కలిసి ట్రాక్టరుకు ముందు పలక తగిలించినారు. వారికి 1925లో పేటెంటు లభించినది. ఇక ఆ ఇద్దరి పలకను, హోల్ట్ చైనును, వర్జీనియా నౌకలోని నూనెను ఒక్కచోట చేర్చడమే తరువాయి. కాని అందుకు దాదాపు అర్ధశతాబ్దం పట్టినది. 1954లో ఇంగ్లండులోని జాతీయ వ్యవసాయ ఇంజినీరింగు సంస్థ నూనెతో నడిచే ట్రాక్టరును చూపినది. బుల్‌డోజర్లలో ఇది స్థిరపడినది 1970ల దశకంలో. జర్మనీలో లీబ్‌హెర్, అమెరికాలో జాన్ డీర్ అందుకు ముందడుగు వేసినవి.

ఆలస్యానికి కారణం ఖరీదు, వేడిమి. ఫలితం మాత్రం గొప్పది. పాత బుల్‌డోజరు మలుపు తిరగాలంటే ఒక ప్రక్క చైనుకు బలం త్రెంచి, బ్రేకు వేయాలి. పలక ముందు మట్టి నిండుగా ఉన్నప్పుడే సగం బలం పోతుంది. కొత్త దానిలో కుడి చైనుకు ఒక పంపు, మోటారు. ఎడమ చైనుకు మరొక జత. మలుపులో కూడ రెండు చైనులూ లాగుతాయి. కావలెనంటే ఒకటి ముందుకు, ఒకటి వెనుకకు తిరిగి, యంత్రం ఉన్నచోటనే బొంగరమవుతుంది.

ఇప్పుడు వైద్యం సంగతి. ఈ పంపులో కదిలే భాగాల నడుమ సందు కొన్ని మైక్రాన్లు మాత్రమే. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఆ సందులో నుండి కొంత నూనె ఊరవలసినదే. ఆ ఊటే లోహాన్ని తడుపుతుంది, చల్లబరుస్తుంది. బ్రామాకు ఊట కేవలం శత్రువు. ఇక్కడ అది మితంగా ఉంటే మిత్రుడు. మితం తప్పితే ఎంత ప్రమాదమో లెక్క చెబుతుంది: సందు రెండింతలైతే ఊట రెండింతలు కాదు, ఎనిమిదింతలవుతుంది. నూనె పలచబడిన కొద్దీ ఊట ఇంకా హెచ్చుతుంది. అందుకే అరిగిన యంత్రం తెల్లవారి చక్కగా నడిచి, మధ్యాహ్నానికి మొరాయిస్తుంది. వేసవిలో ఎండ మండిపోయే రామగుండం వంటి చోట ఈ లక్షణం మరింత త్వరగా బయటపడుతుంది. చల్లగా ఉన్నప్పుడు బలం, వేడెక్కితే నీరసం అని డ్రైవరు చెప్పినాడంటే సగం రోగనిర్ణయం అతడే చేసినట్లు. ఆ మాటను పెడచెవిని పెట్టే మెకానిక్కులు ఎందరో ఉన్నారు.

తరువాతి ప్రశ్న: నీరసం రెండు ప్రక్కలా, ఒక్క ప్రక్కనేనా? రెండు ప్రక్కలా అయితే రెండింటికీ ఉమ్మడిగా ఉన్నవాటిని చూడాలి: నూనె మట్టం, పీల్చే గొట్టం, ఫిల్టరు, చిన్న పంపు. ఈ చిన్న పంపు సామాన్యంగా చదరపు సెంటీమీటరుకు 20 నుండి 30 కిలోల ఒత్తిడితో ఊరిన నూనెకు బదులు కొత్త నూనెను వలయంలోకి నింపుతూ ఉంటుంది. పెద్ద పంపుల ఒత్తిడి 400 కిలోల వరకు పోతుంది, కాని చిన్నది చేయి విడిస్తే పెద్దవి నిలువలేవు. ఇంజనును కూడ ఉమ్మడి ఖాతాలోనే వేయాలి. నేటి యంత్రాలలో ఇంజను వేగం తగ్గితే పలక వాలు దానంతట అదే తగ్గుతుంది. అందుచేత డీజిలు ఫిల్టరు మూసుకొన్న నేరం తరచు నిర్దోషి అయిన పంపు మీద పడుతుంది.

ఒక్క ప్రక్కనే నీరసమైతే ముందు చైను మరీ బిగిసినదా, బ్రేకు పట్టుకొన్నదా అని చూడాలి. అవి బాగుంటే పంపు తప్పా, మోటారు తప్పా తేల్చాలి. పూర్వం నుండి ఉన్న ఉపాయమొకటి కలదు. గొట్టాలు అడ్డంగా మార్చి, కుడి పంపును ఎడమ మోటారుకు, ఎడమ పంపును కుడి మోటారుకు కలుపుతారు. నీరసం రెండవ ప్రక్కకు మారితే దోషం పంపుది. ఉన్నచోటనే ఉంటే దోషం మోటారుది. విప్పిన ప్రతి కొసకు ఆ క్షణమే మూత బిగించాలి. షెడ్డులోని దుమ్ము రేణువు ఆ సందుల కంటె పెద్దది.

దీనికంటె శుభ్రమైన మార్గం గేజి. గుండ్రంగా వంచిన పలచని గొట్టం ఒత్తిడికి విప్పుకొనే గుణంపై 1849లో పారిస్‌లో యూజీన్ బూర్డాన్ ఈ సాధనాన్ని కనిపెట్టినాడు. ఆవిరి బాయిలర్లకై పుట్టి ఇది అన్ని షెడ్లకూ చేరినది. యంత్రం నిలిచి ఉన్నప్పుడు చిన్న పంపు ఒత్తిడి సరిగా ఉండి, చైను లాగగానే పడిపోతే, ఆ ప్రక్క వలయంలోనే ఊట హెచ్చినదని అర్థం. నిలిచినప్పుడు కూడ తక్కువే ఉంటే చిన్న పంపును, దాని వాల్వును, పీల్చే దారిని అనుమానించాలి. ఆపైన పంపు పొట్ట నుండి తొట్టికి తిరిగివచ్చే ఊట నూనెను గడియారం పెట్టి కొలపాత్రలో పట్టి, తయారీదారు చెప్పిన హద్దుతో పోల్చాలి. ఈ కొలతకు పట్టేది గంట లోపే. ఇది చేయక ఊహ మీద కొత్త పంపు తెప్పించి, అద్దెపై యంత్రం నడిపే యజమానిని అప్పులలో దింపిన సందర్భాలు షెడ్లలో తరచు వింటాము.

కళ్లు, చెవులు కూడ సాక్షులే. పాలవలె తెల్లబడిన నూనెలో నీరు చేరినది. నురుగు కడితే గాలి దూరినది. గులకరాళ్లు దొర్లినట్లు శబ్దం వస్తే పంపు నూనె అందక అల్లాడుతున్నది. ఫిల్టరు కోసి చూచినప్పుడు బంగారు వన్నె రజను మెరిస్తే అది అరుగుతున్న కంచు.

చేతిని మాత్రం సాక్షిగా పిలువరాదు. గొట్టానికి సూదిబెజ్జం పడితే ఎక్కడ అని వేలితో తడిమే అలవాటు చాలా మందికి ఉన్నది. కంటికి కనబడని ఆ నూనెధార చర్మాన్ని చీల్చి లోనికి పోతుంది. గాయం ముల్లు గ్రుచ్చుకొన్నంతే కనిపిస్తుంది, నొప్పి కూడ మొదట స్వల్పమే. లోపల నూనె పాకి కండను చంపుతుంది. గంటల్లో శస్త్రచికిత్స జరుగకపోతే వేలు, ఒక్కొక్కప్పుడు చేయి పోతుంది. కనుక ఇంజను ఆపి, ఒత్తిడి దింపి గొట్టాన్ని పరీక్షించడం ఉత్తమం. నడుస్తుండగా చూడక తప్పకపోతే, దూరం నుండి అట్టముక్కను కాని, చెక్కను కాని అడ్డుపెట్టి తడి చూడాలి. ధార తగిలినవానిని, గాయం చిన్నదని ఇంటికి పంపక, వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోయి, నూనె లోనికి పోయినదని వైద్యునికి స్పష్టంగా చెప్పాలి.

ఆగిపోయిన బుల్‌డోజరును మరొక దానితో ఈడ్చుకొని రావడం కూడ ఆలోచించి చేయవలసిన పని. బైపాసు వాల్వులు తెరువక, బ్రేకులు విడిపించక లాగితే, బాగున్న మోటార్లు కూడ దారిలోనే పాడవుతాయి.

ఇక పంపు నిజంగానే చెడినదని తేలినది, కొత్తది వచ్చినది అనుకొందాము. ఇక్కడనే అసలు తొందరపాటు. పాత పంపు కూలినప్పుడు దాని కంచు రజను గొట్టాలలోను, మోటారులోను, నూనె చల్లార్చే రేడియేటరులోను చేరి ఉంటుంది. వలయం మూసినది గనుక అదే నూనె మళ్లీ మళ్లీ తిరుగుతుంది. వాటిని కడగక బిగిస్తే కొత్త పంపు వారం తిరుగకుండానే పాతదాని దారి పట్టవచ్చును. తొట్టి కడిగి, గొట్టాలు కడిగి, ఫిల్టర్లు మార్చి, కొత్త నూనెను కూడ వడపోసి పోయాలి. పంపు పొట్టను ముందుగానే నూనెతో నింపాలి. పొడిగా తిరిగిన కొద్ది క్షణాలే దానిని గీతలు పెట్టగలవు. చైనులు కదల్చకుండా ఇంజనును నెమ్మదిగా తిరగనిచ్చి, గేజి ముల్లు నిలకడకు వచ్చి, తొట్టిలో నురుగు అణిగిన తరువాత, అటు ఇటు మెల్లగా నడిపి, మరొకసారి ఫిల్టరు విప్పి చూడాలి. అందులో మెరుపు లేకపోతే పలకను నేలకు దించవచ్చును.