కాన్పుకు ముందే సన్నద్ధత అవసరం
పుట్టింటికి వెళ్లే గర్భిణులు కార్డు మరవరాదు

తొలి కాన్పు పుట్టింట జరగడం మన పల్లెల్లో ఆనవాయితీ. ఏడో నెలలోనో, తొమ్మిదో నెలలోనో గర్భిణిని తీసుకువెళ్తారు. అంతవరకు పరీక్షలు చేసిన ఏఎన్‌ఎం, ఆశ కార్యకర్త అత్తవారి ఊళ్లోనే ఉండిపోతారు. ఆమె రక్తపోటు, రక్తహీనత వివరాలు పుట్టింటి ఊరి సిబ్బందికి తెలియవు. నొప్పులు మొదలయ్యాక ఏ ఆసుపత్రికి వెళ్లాలన్న తర్జనభర్జనలోనే విలువైన సమయం గడిచిపోతుంది. నిర్ణయంలో జాప్యం, ప్రయాణంలో జాప్యం, చికిత్స అందడంలో జాప్యం తల్లుల ప్రాణాల మీదికి తెస్తున్నాయి. వీటిలో మొదటి రెండింటిని కుటుంబమే ముందుచూపుతో చాలావరకు నివారించుకోవచ్చు.

ముందుగా చేయవలసినవి

* మాతాశిశు సంరక్షణ కార్డును వెంట తీసుకువెళ్లి, పుట్టింటికి చేరిన వెంటనే అక్కడి ఏఎన్‌ఎంకు చూపించాలి.
* చివరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులకు కాన్పు తేదీని లెక్కిస్తారు. 37 వారాలు నిండాక ఎప్పుడైనా నొప్పులు రావచ్చు. అందువల్ల 36వ వారానికే అన్నీ సిద్ధం చేసుకోవాలి.
* రక్తపోటు, హిమోగ్లోబిన్, కడుపులో బిడ్డ తల ఉన్న స్థితి పరీక్ష చేయించుకోవాలి. హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. 7 గ్రాముల లోపు ఉంటే రక్తం ఎక్కించే వసతి గల ఆసుపత్రిలోనే కాన్పు జరగాలి.
* రక్తం ఇవ్వగల ఇద్దరిని ముందే మాట్లాడుకోవాలి.
* 108 వాహనం ఆలస్యమైతే రాత్రివేళ సైతం వచ్చే మరో వాహనాన్ని చూసుకోవాలి.
* కార్డు, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, ఉతికి ఎండబెట్టిన నూలుబట్టలు ఒకే సంచిలో ఉంచుకోవాలి.

అసలు నొప్పులు ఇవీ

విశ్రాంతి తీసుకుంటే తగ్గేవి, ఒక క్రమం లేకుండా వచ్చేవి సాధారణంగా ఉత్తుత్తి నొప్పులు. క్రమం తప్పకుండా వస్తూ, వ్యవధి తగ్గుతూ, తీవ్రత పెరిగేవి కాన్పు నొప్పులు. నొప్పులు త్వరగా రావాలని ఆముదం తాగించరాదు.

వెంటనే బయలుదేరాలి

రక్తస్రావం, నొప్పులు లేకున్నా ఉమ్మనీరు పోవడం, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్, జ్వరం, బిడ్డ కదలికలు తగ్గడం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారే వరకు వేచి ఉండరాదు.

2011లో ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పు, సిజేరియన్, మందులు, రక్తం, రవాణా ఉచితం. కాబట్టి ఖర్చుకు వెరచి ఆగనవసరం లేదు. భర్త పనికి పొరుగూరు వెళ్లినా, పెద్దలు పొలంలో ఉన్నా బయలుదేరే నిర్ణయం ఎవరు తీసుకోవాలో ఇంటిల్లిపాదీ ముందే అనుకోవాలి.