యాద్‌దాశ్త్ మీద హల్దీ గవాహీ ఎంత?



వేల్పూర్, ఆర్మూర్, బాల్కొండ దిక్కు వాళ్లకు పసుపు గురించి ఒకరు చెప్పనక్కర్లేదు. బోధన్ దిక్కు చెరుకు ఎట్లనో, ఇటు పసుపు అట్ల. వానాకాలం మొదట్లో పెట్టిన పంటను జనవరి దాటినంక తవ్వి, ఉడకబెట్టి, ఎండబోసి, డ్రమ్ములో పాలిష్ పట్టి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తోలుతారు. 2019 పార్లమెంటు ఎన్నికల్లో నిజామాబాద్ సీటుకు 185 మంది నిలబడ్డారు. వాళ్లలో చాలా ఎక్కువ మంది పసుపు బోర్డు, సరైన ధర అడిగిన రైతులే. ఆ బోర్డు 2025లో నిజామాబాద్‌లోనే మొదలైంది.

ఇప్పుడు అదే పసుపు మీద ఇంకో దావా నడుస్తోంది. పెద్దవాళ్లకు వచ్చే మతిమరుపు జబ్బుకు, అంటే డిమెన్షియాకు హల్దీయే ఇలాజ్ అని ఫోన్లలో పైగామ్‌లు తిరుగుతున్నాయి. మన దేశంలో 60 దాటినవాళ్లలో సుమారు 88 లక్షల మందికి ఈ జబ్బు ఉందని 2023లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం అంచనా. అంటే ఇది పరాయి ఇంటి ముచ్చట కాదు. అందుకే ఈ దావాకు గవాహీ ఎవరిస్తున్నారో తారీఖ్‌లో వెతికాను.

తిబ్బె యునానీకి ఈ జబ్బు కొత్త కాదు. మరుపును 'నిస్యాన్' అంటుంది. ఇబ్నె సీనా (980–1037) తన 'అల్ ఖానూన్'లో దిమాగ్ జబ్బుల మధ్య దాన్నీ చేర్చాడు. యాద్‌దాశ్త్ పెంచడానికి పాత హకీములు వాడిన దవాల్లో పేరు మోసింది 'బలాదుర్'. అదేదో కాదు, ధోబీలు బట్టల మీద గుర్తులు పెట్టే మన నల్లజీడి గింజ, భిలావా. దాని రసం తగిలితే ఒంటి మీద బొబ్బలు లేస్తాయి. తొమ్మిదో శతాబ్దంలో 'ఫుతూహుల్ బుల్దాన్' రాసిన మువర్రిఖ్ 'బలాజురీ'కి ఆ పేరు ఈ గింజ వల్లే వచ్చిందని రివాయత్. యాది పెరగాలని ఆ రసం తాగి మతి పోగొట్టుకున్నది ఆయనేనని కొందరు, కాదు ఆయన తాత అని కొందరు చెబుతారు. ఎవరైనా సబక్ ఒకటే: మొక్క అయినంత మాత్రాన అది దిమాగ్‌కు దోస్త్ కాదు.

మరి పసుపు? యునానీ కితాబుల్లో దాని పేరు 'జర్ద్ చోబ్', అంటే పచ్చని కట్టె. దాన్ని గాయాలకు, వాపులకు వాడమన్నారు. ఈ ఇల్మ్ ఒకసారి అమెరికా దాకా పోయి గవాహీ చెప్పింది. 1995లో మిసిసిపీ యూనివర్సిటీ వైద్య కేంద్రానికి, గాయాలు మాన్పడానికి పసుపు వాడకం మీద అమెరికా పేటెంట్ దొరికింది. మన సీఎస్‌ఐఆర్ సంస్థ దాన్ని సవాల్ చేసి, ఈ వాడకం మా దగ్గర ఎప్పటి నుంచో ఉందని 32 ఆధారాలు చూపింది. అవి సంస్కృతం, హిందీ, ఉర్దూ రాతలు. 1997లో పేటెంట్ రద్దయింది. ఉర్దూ మీడియంలో చదివి, ఆ చదువు ఎందుకు పనికొస్తుందని జీవితమంతా అడిగించుకున్న నాకు ఈ వాఖియా అంటే ప్రత్యేకమైన ఇష్టం.

కానీ ఒక్క బాత్ గమనించండి. ఆ గవాహీ జఖమ్ మీద. నిస్యాన్ మీద కాదు.

నిస్యాన్ మీద ముఖద్దమా ఇంకా నడుస్తూనే ఉంది. డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే అల్జీమర్స్‌లో మెదడు కణాల మధ్య అమిలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకుంటుంది. కణాల లోపల టావ్ అనే ఇంకో ప్రోటీన్ చిక్కులు పడుతుంది. వాపు వస్తుంది, కణానికి తాఖత్ ఇచ్చే మైటోకాండ్రియా నీరసిస్తాయి. పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్‌ను 1815లోనే విడదీశారు. 2001లో అమెరికాలో అల్జీమర్స్ తరహా మార్పులున్న ఎలుకలకు దాన్ని ఇస్తే వాపు, అమిలాయిడ్ తగ్గాయి. ఆశ అక్కడ పుట్టింది.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఫలితం వేరు. 2008లో హాంకాంగ్‌లో 34 మంది అల్జీమర్స్ మరీజులతో 6 నెలల పరీక్ష చేస్తే, కర్క్యుమిన్ తిన్నవాళ్లకూ ఉత్తుత్తి గోలీ తిన్నవాళ్లకూ తేడా రాలేదు. 2018లో లాస్ ఏంజిలెస్‌లో 18 నెలల పరీక్షలో జ్ఞాపకశక్తి కొంత మెరుగైంది. కానీ అందులో ఉన్నది 40 మందే, వాళ్లెవరికీ డిమెన్షియా లేదు. పైగా తిన్న కర్క్యుమిన్ రక్తంలోకి చాలా తక్కువ చేరుతుంది. మిరియాల్లోని పైపరిన్ కలిపితే ఎన్నో రెట్లు ఎక్కువ చేరుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపారు. దాని మీదే ఇప్పటి క్యాప్సూళ్ల వ్యాపారం. అయితే పసుపు క్యాప్సూళ్లతో కాలేయం దెబ్బతిన్న 10 మంది సంగతి అమెరికా వైద్యులు 2022లో రాశారు. కూరలో వేసే చిటికెడు వేరు, గోలీలో కుక్కిన మోతాదు వేరు.

మొక్కల నుంచి ఈ జబ్బుకు దవా రాలేదా అంటే, వచ్చింది. స్నోడ్రాప్ అనే చిన్న పువ్వు మొక్క జాతి నుంచి తీసిన గాలంటమిన్‌ను 1950లలో బల్గేరియాలో దవాగా తయారుచేశారు. ఎన్నో పరీక్షలు దాటాక 2001లో అమెరికా దాన్ని అల్జీమర్స్‌కు ఒప్పుకుంది. అది కూడా జబ్బును మాన్పదు, కొందరిలో లక్షణాలను కొంతకాలం తేలిక చేస్తుంది. అంతకు మించి అది దావా చేయదు. దాని ఇజ్జత్ అక్కడే ఉంది.

ఇంకో ఖతరా కూడా ఉంది. పసుపు మెరవాలని కొన్నిచోట్ల లెడ్ క్రోమేట్ రంగు కలుపుతారు. బంగ్లాదేశ్‌లో ఇది 2019లో పరిశోధనలో బయటపడింది. సీసం దిమాగ్‌కు జహర్. యాది కోసం తాగే హల్దీ దూధ్‌లో యాదిని తినే విషం ఉండొద్దు. 

మన షహర్ హైదరాబాద్ చెప్పిన గవాహీ ఒకటి మొక్కల గురించి కాదు, జబాన్ గురించి. నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా మరీజులను పరిశీలించి 2013లో రాశారు: రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివాళ్లలోనూ ఈ తేడా కనిపించింది. ఇంట్లో దక్కనీ, బజారులో తెలుగు మాట్లాడే మన ఘరానాలకు ఇది చిన్న ఖబర్ కాదు. ఇది కూడా షిఫా ఇస్తాననడం లేదు, ఆలస్యం గురించే చెబుతోంది.

హల్దీ జాగా హల్దీదే: సాలన్‌లో, పాలలో, పెండ్లి మంజే రసమ్‌లో. అమ్మీ గానీ అబ్బా గానీ అడిగిందే అడుగుతుంటే మాత్రం డబ్బా కొనకముందే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. బీ12 తక్కువైనా, థైరాయిడ్ తేడా ఉన్నా, మనసు కుంగినా మరుపు వస్తుంది. వాటికి ఇలాజ్ ఉంది. గోలీలతో గడిపే నెలల్లో ఆ మౌకా చేజారుతుంది. ఉమ్ర్ చివరి దశలో తెలిసినవన్నీ మరిచిపోయే మనిషి ప్రస్తావన ఖురాన్‌లోనే ఉంది కాబట్టి, ఈ జబ్బును దాచుకోవాల్సిన షరమ్ లేదు. రిపోర్టులు వచ్చేదాకా, వచ్చినంక కూడా, అదే సవాల్ పదకొండోసారి అడిగితే పదకొండోసారీ జవాబు ఇవ్వండి.