అపరాలలో పూత రాలుడు: వృద్ధి నియంత్రకాల పాత్ర, పరిమితులు

కంది, మినుము, పెసర, శనగ వంటి అపరాల పైర్లు విరగపూసినా, అందులో కాయగా మారేది కొంతే. కందిలో పూతలో అధిక భాగం కాయ కట్టకముందే రాలిపోతుంది. పప్పుధాన్యాల ఉత్పత్తిలో ప్రపంచంలోనే అగ్రస్థానంలో ఉన్న భారత్, దేశీయ అవసరాల కోసం దిగుమతులపైనా ఆధారపడుతోంది. అందువల్ల పూతను నిలుపుకోవడం రైతుకూ, దేశానికీ ముఖ్యమే. ఇందుకు తోడ్పడే పద్ధతుల్లో ఆకులపై వృద్ధి నియంత్రకాల పిచికారీ ఒకటి.

పువ్వు నుంచి తొడిమలోకి ఆక్సిన్ అనే హార్మోన్ అందుతున్నంత కాలం పువ్వు నిలిచి ఉంటుంది. బెట్ట, అధిక వేడి వంటి పరిస్థితుల్లో ఆక్సిన్ తగ్గి, ఇథిలీన్ ప్రభావం పెరుగుతుంది. అప్పుడు తొడిమ మొదట్లోని కణాల పొర విడిపోయి పూత రాలుతుంది. నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లం కృత్రిమ ఆక్సిన్ కనుక ఆ లోటును కొంతవరకు పూడుస్తుంది. క్లోర్‌మెక్వాట్, మెపిక్వాట్ క్లోరైడ్‌ల పని వేరు. అవి జిబ్బరెల్లిన్ తయారీని తగ్గించి, మొక్క మితిమీరి ఏపుగా పెరగకుండా చూస్తాయి.

మినుము, పెసర పైర్లకు లీటరు నీటికి 40 మిల్లీగ్రాముల నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లం, 100 మిల్లీగ్రాముల సాలిసిలిక్ ఆమ్లం చొప్పున పూతకు ముందు ఒకసారి, 15 రోజులకు మరోసారి పిచికారీ చేయాలని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం సూచిస్తోంది. పంటను, ప్రాంతాన్ని బట్టి సిఫారసులు మారుతాయి. మార్కెట్లో లభించే 4.5 శాతం ద్రావణాన్ని 4.5 లీటర్ల నీటిలో ఒక మిల్లీలీటరు కలిపితే లీటరుకు 10 మిల్లీగ్రాముల గాఢత వస్తుంది.

మోతాదుతో పాటు అదను కూడా కీలకం. ఆపిల్ తోటల్లో ఇదే రసాయనాన్ని పూరేకులు రాలిన తరువాత చల్లితే అదనపు పిందెలు రాలిపోతాయి. కోతకు ముందు చల్లితే కాయలు రాలకుండా ఆగుతాయి.

వృద్ధి నియంత్రకం ఎరువు కాదు. నేలలో తేమ, పైరులో పోషకాలు లేనప్పుడు పూత నిలిచినా గింజ నిండదు. కృష్ణా డెల్టా వరి మాగాణుల్లో కోతకు ముందే వెదజల్లే మినుముకు దుక్కిలో ఎరువు వేసే వీలుండదు. అటువంటి చోట ఆకులపై పోషకాలు అందించడం మరింత అవసరం.

వృద్ధి నియంత్రకాలు 1968 నాటి పురుగుమందుల చట్టం పరిధిలో ఉన్నాయి. జీవ ఉత్ప్రేరకాలను 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందకు తెచ్చారు. కొనేముందు డబ్బాపై రసాయనం పేరు, గాఢత, రిజిస్ట్రేషన్ సంఖ్య చూసుకుని, రసీదు తీసుకోవడం శ్రేయస్కరం.